హిజ్రీ శకం 622 నుంచే ఎందుకు? ఇస్లాం అంత త్వరగా ఎలా వ్యాపించింది?

చరిత్ర పాఠకురాలు (ప్రశ్న):

ప్రపంచ చరిత్ర చదువుతూ ఇస్లాం దగ్గరికొచ్చేసరికి రెండు చోట్ల ఆగిపోయాను. ముహమ్మద్ ప్రవక్త సుమారు 570లో మక్కాలో పుట్టారు, 610లో హిరా గుహలో తొలి దైవవాణి విన్నారు అంటారు. మరి ముస్లింల హిజ్రీ శకాన్ని (‘హిజ్రత్’ అంటే వలస) ఈ రెండిట్లో ఏదో ఒకదాని నుంచి లెక్కపెట్టకుండా, ఆయన మక్కా వదిలి మదీనా వెళ్లిన 622 నుంచి ఎందుకు లెక్కపెడతారు? ఊరు మారడం అంత పెద్ద సంగతి ఎలా అయింది?

రెండోది. 632లో ప్రవక్త కన్నుమూశాక వందేళ్లు తిరక్కుండానే అటు స్పెయిన్, ఇటు సింధ్ దాకా ఖలీఫాల (ప్రవక్త తర్వాత ముస్లింలను ఏలిన పాలకుల) రాజ్యం పాకింది. దీని మీద ఎక్కడ చదివినా కొందరు ‘కత్తితో వ్యాపించింది’ అంటారు, కొందరు ‘కేవలం ప్రేమతో వ్యాపించింది’ అంటారు. నాకు రెండూ మింగుడుపడటం లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

హిస్టరీ మాస్టారు:

చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నానమ్మా. పిల్లలు తేదీలు బట్టీపడతారు కానీ ఈ ‘ఎందుకు’ అడగరు. నువ్వు అడిగావు, సంతోషం.

ముందు ఆనాటి మక్కా ఎలా ఉండేదో చూడాలి. అక్కడ రాజు లేడు, కోర్టు లేదు, పోలీసు లేడు. మనిషి ప్రాణానికి పూచీ అతని వంశమే. ఒకణ్ణి చంపితే అతని వాళ్లంతా పగ తీర్చుకోవడానికి వస్తారు, ఆ భయంతోనే ఎవరూ ఎవరి జోలికీ పోరు. ప్రవక్తది ఖురైష్ తెగలో బనూ హాషిం వంశం. ఆయన బోధ నచ్చని పెద్దలు ఎంత మండిపడ్డా చెయ్యి వేయలేకపోయారంటే, తండ్రి సోదరుడు అబూ తాలిబ్ వంశపెద్దగా అడ్డం నిలబడ్డాడు కాబట్టి. వెనక వంశం లేని వాళ్ల గతి వేరు. బిలాల్ అనే అబిసీనియా సంతతి బానిసను మిట్టమధ్యాహ్నం కాలే ఇసుకలో వెల్లకిలా పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టించాడు యజమాని ఉమయ్యా. ఆ స్థితిలోనూ బిలాల్ ‘అహద్, అహద్’ (దేవుడొక్కడే) అంటూనే ఉన్నాడట. చివరికి ప్రవక్త సన్నిహితుడు అబూ బకర్ డబ్బిచ్చి అతన్ని విడిపించాడు.

619లో అబూ తాలిబ్ పోయాడు. ప్రవక్త భార్య ఖదీజా కూడా ఆ ఏడే పోయారు. ఆ తర్వాత వంశపెద్ద అయిన అబూ లహబ్‌కు ఆయనంటే గిట్టదు. అంటే పూచీ పోయినట్టే. ఆసరా కోసం దగ్గర్లోని తాయిఫ్ పట్టణానికి వెళితే రాళ్లతో కొట్టి తరిమారు.

సరిగ్గా అదే సమయంలో మక్కాకు ఉత్తరాన మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, యస్రిబ్ అనే ఒయాసిస్సులో ఔస్, ఖజ్రజ్ తెగలు ఏళ్ల తరబడి కొట్టుకుని అలిసిపోయి ఉన్నాయి. ఏ పక్షానికీ చెందని మధ్యవర్తి కావాలి. 621లో, 622లో వాళ్ల మనుషులు మక్కా పక్కన అఖబా దగ్గర ప్రవక్తను కలిసి, మా దగ్గరికి రండి, మా వాళ్లను కాపాడుకున్నట్టు మిమ్మల్ని కాపాడుకుంటాం అని మాటిచ్చారు. ఆ యస్రిబే తర్వాత మదీనా.

కాబట్టి అది ఊరు మారడం మాత్రమే కాదమ్మా. రక్తబంధం ఇచ్చే రక్షణను వదులుకుని, ఒకే నమ్మకం ఉన్నవాళ్ల మధ్యకు వెళ్లడం. ఆనాటి అరబ్బుకు ఇది ఊహకందని పని. మదీనాలో రాసుకున్న ఒడంబడికలో వేర్వేరు తెగల ముస్లింలు, వాళ్లతో పాటు యూదులు ఉన్నారు. తగాదా వస్తే ప్రవక్త తీర్పుకు రావాలని అందులో ఉంది. ఉన్న ఊరు వదిలి వచ్చిన ఒక్కొక్కరిని స్థానికుల్లో ఒక్కొక్కరికి తమ్ముడిగా అప్పగించారు. సాద్ ఇబ్న్ రబీ తన ఆస్తిలో సగం ఇస్తానంటే, మక్కా నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ ‘నీ ఆస్తి నీకు చల్లగా ఉండనీ, బజారు ఎటో చూపించు చాలు’ అన్నాడట. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. ఇచ్చేవాడూ గొప్పవాడే, తీసుకోనివాడూ గొప్పవాడే.

ఇక శకం సంగతి. అది ప్రవక్త కాలంలో పెట్టింది కాదు. రెండో ఖలీఫా ఉమర్ హయాంలో, బస్రా గవర్నర్ అబూ మూసా ‘మీ ఉత్తరాలు వస్తున్నాయి కానీ వాటి మీద తేదీ ఉండటం లేదు’ అని రాశాడని చెబుతారు. అప్పుడు పెద్దలు కూర్చుని పుట్టుక నుంచా, తొలి వాణి నుంచా, మరణం నుంచా అని చర్చించి వలసను ఎంచుకున్నారు. ప్రయాణం జరిగింది రబీఉల్ అవ్వల్ నెలలో. శకాన్ని మాత్రం ఆ ఏడాది మొదటి నెల మొహర్రం నుంచి లెక్కేశారు.

ఒక ముస్లిం పాఠకురాలు:

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. కానీ అంతా తెగలు, పూచీలు అయిపోయింది, నమ్మకం గురించి రెండు మాటలు నన్ను చెప్పనివ్వండి. బిలాల్ లాంటివాళ్లు బండ కింద నలుగుతూ కూడా వదలనిది దాన్నే కదా.

మూలం ఒక్కటే: దేవుడు ఒక్కడు, ఆయనకు సాటి లేరు. మక్కాలోని కాబా గుడిలో హుబల్ అనే దేవుడి విగ్రహం, చుట్టుపక్కల లాత్, ఉజ్జా, మనాత్ దేవతల గుళ్లు ఉన్న రోజుల్లో ఈ మాట అనడం ఖురైష్‌ల పరువు మీదా, యాత్రికులతో నడిచే వ్యాపారం మీదా దెబ్బే. అయితే తొలి సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) చదివితే మనసును పట్టేది ఇంకొకటి. అనాథను గెంటేసేవాణ్ణి, పేదకు అన్నం పెట్టమని చెప్పనివాణ్ణి చూశావా అని ఒక చిన్న సూరా నిలదీస్తుంది. ఇంకో సూరాలో, ప్రళయదినాన సజీవంగా పాతిపెట్టిన ఆడపిల్లను ‘నిన్ను ఏ పాపానికి చంపారు?’ అని అడుగుతారని ఉంది. చదివిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది. ఆ మాటలు వినిపించిన ప్రవక్తే పుట్టక ముందు తండ్రిని, ఆరేళ్లకు తల్లిని పోగొట్టుకున్న అనాథ.

దేవదూతలు, గ్రంథాలు, ప్రవక్తలు, పరలోకం, విధి, ఇవన్నీ ఆ ఏకేశ్వర విశ్వాసంతో పాటు వచ్చేవే. ఇబ్రహీం (అబ్రహాం), మూసా (మోషే), ఈసా (యేసు) మాకూ ప్రవక్తలే. ఈసాను దేవుడి కొడుకు అనం, మర్యం (మరియ) కుమారుడు అంటాం. కలిమా (విశ్వాస ప్రకటన), నమాజు, జకాతు (విధిగా ఇచ్చే దానం), రోజా (ఉపవాసం), హజ్ ఒక్కరోజులో వచ్చినవి కావు. రంజాన్ ఉపవాసాలు మదీనాకు వెళ్లాక రెండో ఏట విధి అయ్యాయి. నమాజులో జెరూసలేం వైపు తిరిగేవాళ్లు కాబా వైపు తిరిగిందీ ఆ రోజుల్లోనే.

వ్యాప్తి గురించి ఒక్కటి చెబుతాను అక్కా. 628లో మక్కా సమీపంలోని హుదైబియా దగ్గర ఖురైష్‌లతో సంధి రాస్తుంటే, ‘దైవప్రవక్త ముహమ్మద్’ అన్న మాటకు వాళ్ల దూత సుహైల్ ఒప్పుకోలేదు. మేము అలా నమ్మితే నీతో గొడవేముంది, నీ తండ్రి పేరు రాయించు అన్నాడు. ప్రవక్త ఆ మాట తీయించి ‘అబ్దుల్లా కుమారుడు ముహమ్మద్’ అని రాయించారు. తర్వాత ఖలీఫా అయిన ఉమర్‌కే అది అవమానంగా తోచింది. కానీ ఆ రోజు ఆయన వెంట ఉన్నది సుమారు 1400 మంది. పోరు ఆగి జనం స్వేచ్ఛగా కలుసుకుని మాట్లాడుకున్నాక, రెండేళ్లకు మక్కాలో అడుగుపెట్టేటప్పుడు 10,000 మంది.

చరిత్ర పాఠకురాలు:

ఇద్దరికీ థ్యాంక్స్. హుదైబియా సంగతి నాకసలు తెలీదు. కానీ అరేబియా దాటాక జరిగినవి యుద్ధాలే కదా? జిజియా (ముస్లిమేతరుల మీద వేసే పన్ను) కట్టలేక జనం మతం మారారని కూడా చదివాను. ఈ సున్నీ, షియా చీలిక కూడా అప్పుడే వచ్చిందా?

హిస్టరీ మాస్టారు:

యుద్ధాలేనమ్మా, అందులో దాచేదేం లేదు. రక్తం పారింది, పట్టుబడిన వాళ్లను బానిసలు చేశారు. అయితే రాజ్యం పెరగడం వేరు, మతం పెరగడం వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే వాదన తెగదు.

రాజ్యం ఎందుకంత తొందరగా పెరిగింది? బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం), పర్షియా 602 నుంచి 628 దాకా ఒకదాన్నొకటి చావగొట్టుకున్నాయి. పర్షియన్లు 614లో జెరూసలేం పట్టుకున్నారు, తర్వాత బైజాంటియం చక్రవర్తి హెరాక్లియస్ తిరగబడి పర్షియా నడిబొడ్డు దాకా వెళ్లాడు. ఖజానాలు ఖాళీ, సైన్యాలు నీరసం. ఆ తర్వాత పదేళ్లు కూడా కాకుండానే, 636లో యర్మూక్ యుద్ధంలో అరబ్బుల చేతిలో ఓడి బైజాంటియం సిరియాను పోగొట్టుకుంది. ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులను సొంత చక్రవర్తే సిద్ధాంత భేదాలతో వేధించాడు. అజ్ఞాతంలో ఉన్న వాళ్ల పాట్రియార్క్ (మతపెద్ద) బెంజమిన్, అరబ్బు సేనాని అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ అభయమిచ్చాక బయటికి రాగలిగాడు.

మతం మాత్రం నిదానంగానే నడిచింది. అరబ్బు సైనికులు కూఫా, బస్రా, ఫుస్తాత్ లాంటి కొత్త స్థావరాల్లో విడిగా ఉండేవారు. స్థానికులు మతం మారాలని పాలకులకు పెద్ద ఆత్రం లేదు, మారితే జిజియా రాబడి తగ్గుతుంది. మారిన అరబ్బేతరులను ఏదో ఒక అరబ్బు తెగకు అనుబంధంగా, మవాలీలుగా, ఒక మెట్టు కిందే ఉంచేవారు. కొన్నిచోట్ల వాళ్ల దగ్గరా జిజియా గుంజారు. 717లో ఖలీఫా అయిన రెండో ఉమర్, ముస్లిం అయినవాడి దగ్గర అది వసూలు చేయొద్దని ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉండేదో చూడు. పన్ను భారం తప్పుతుందని మారినవాళ్లు ఉన్నారు, నువ్వు చదివింది తప్పు కాదు. కానీ అదొక్కటే కారణమైతే ఈజిప్టు, ఇరాన్‌లలో ముస్లింలు మెజారిటీ కావడానికి అన్ని తరాలు పట్టేది కాదు. పెళ్లిళ్లు, బజార్లు, కొలువులు, ఇరుగుపొరుగు, వీటన్నిటితో పాటు ఇందాక ఆ అమ్మాయి చెప్పిన నమ్మకం కూడా పనిచేసింది.

సున్నీ, షియా సంగతి వేరే థ్రెడ్ పెట్టమ్మా. 632లో వారసత్వం దగ్గర పుట్టిన తగాదా, 656లో మూడో ఖలీఫా ఉస్మాన్ హత్య, 661లో నాలుగో ఖలీఫా అలీ హత్య, 680లో అలీ కొడుకు, ప్రవక్త మనవడు హుస్సేన్ చనిపోయిన కర్బలా యుద్ధం, వీటిని వరసగా చెప్పుకోవాలి. ఇక్కడ నాలుగు ముక్కల్లో తేల్చేస్తే హుస్సేన్‌కు అన్యాయం చేసినట్టవుతుంది.