జెస్యూట్ జనరల్స్ లెక్క: 31 మందా, 35 మందా?

పాత_దస్తావేజు అడిగారు:

విచారణ (పారిష్) పత్రిక కోసం యేసు సభ, అంటే జెస్యూట్ల సభ, సుపీరియర్ జనరల్స్ (సభ పెద్దలు) పట్టిక తయారవుతోంది. ఇగ్నేషియస్ లొయోలా నుంచి ఆర్తురో సోసా దాకా దొరికిన పేర్లన్నీ వరుసగా రాస్తే 35 వచ్చాయి. సోసాను మాత్రం అంతా 31వ జనరల్ అంటారు. ఆ నలుగురు ఎవరు? ఇగ్నేషియస్ ఎన్నిక తేదీ కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంది, అన్నీ 1541 ఏప్రిల్‌లోనే. 1556–58, 1942–46 మధ్య ఎవరూ లేరు. అది నిజంగా ఖాళీయేనా, పేర్లు జారిపోయాయా? వీలుంటే తెలుగు నేలతో ముడిపడిన ఒక వరుస కూడా చేర్చాలని ఉంది.

పోలొట్స్క్_దారి:

ఆ నలుగురూ రష్యాలో ఉన్నవాళ్ళు: చెర్నియేవిచ్, లెంకియేవిచ్, కరేయు, గ్రూబర్.

1773 జూలై 21న 14వ క్లెమెంట్ పాపుగారు సభను రద్దు చేశారు. 18వ జనరల్ లొరెంజో రిచ్చిని రోమ్‌లోని సాంత్ ఆంజెలో కోటలో బంధించారు. 1775 నవంబర్‌లో అక్కడే చనిపోయారు. అయితే ఆ రద్దు ఆజ్ఞ ఎక్కడికక్కడ అధికారికంగా ప్రకటిస్తేనే అమలయ్యేది. రష్యా మహారాణి రెండో కేథరిన్ దాన్ని ప్రకటించనివ్వలేదు. 1772లో పోలండ్‌ను పంచుకున్నప్పుడు పోలొట్స్క్‌తో సహా కొన్ని జెస్యూట్ కళాశాలలు ఆమె ఏలుబడిలోకి వచ్చాయి, ఆ బడులు మూతపడటం ఆమెకు ఇష్టం లేదు. అలా సభ అక్కడ బతికింది.

1782లో పోలొట్స్క్‌లో సమావేశమై చెర్నియేవిచ్‌ను ఎన్నుకున్నారు. ఇక్కడే పట్టికలు తప్పుతాయి: ఆయనకిచ్చిన హోదా వికార్ జనరల్ (జనరల్‌కు బదులుగా బాధ్యత చూసేవారు), జనరల్ కాదు. ఆయన తర్వాత 1785లో వచ్చిన లెంకియేవిచ్‌దీ అదే హోదా. కరేయు కూడా 1799లో వికార్‌గానే మొదలుపెట్టారు. 1801లో 7వ పయస్ పాపుగారు రష్యాలోని సభను బాహాటంగా గుర్తించాకే ఆయన జనరల్ అయ్యారు, అదీ రష్యా వరకే. 1802లో గ్రూబర్ వచ్చారు. 1805లో ఎన్నికైన బ్జొజోవ్‌స్కీ పదవిలో ఉండగానే, 1814 ఆగస్టు 7న సభను లోకమంతటా పునరుద్ధరించారు. కాబట్టి రిచ్చి తర్వాత 19వ అంకె ఆయనదే. అక్కడి నుంచి లెక్కపెట్టండి, సోసాకు 31 సరిగ్గా వస్తుంది.

ఆ నలుగురినీ తీసేయకండి, దయచేసి. వాళ్ళు లేకపోతే తాడు తెగిపోయేది. వరుసలో పేరు ఉంచి, అంకె గడిలో గీత పెట్టి, హోదా గడిలో 'వికార్ జనరల్, రష్యా' అనో 'జనరల్, రష్యా' అనో రాయండి. బ్జొజోవ్‌స్కీకి రెండు తేదీలూ ఇవ్వండి: 1805, 1814. ఒక్కటే ఇస్తే చదివేవాళ్ళు తికమకపడతారు.

తేదీల_గడి:

ఇగ్నేషియస్ తేదీల సంగతి. 1541 ఏప్రిల్ 8న ఓట్లు విప్పారు, తనది తప్ప అన్నీ ఆయనకే. ఆయన ఒప్పుకోలేదు, మళ్ళీ ఆలోచించమన్నారు. 13న మళ్ళీ ఓటేశారు, ఫలితం మారలేదు. అప్పుడు తన పాపసంకీర్తన గురువైన ఫ్రాన్సిస్కన్ ఫాదర్ దగ్గరికి వెళ్ళి ఆయన మాటకు కట్టుబడి 19న అంగీకరించారు. 22న రోమ్ గోడల బయట ఉన్న పునీత పౌలు బసిలికాలో అందరూ మాటపట్టు (సన్యాస ప్రమాణం) ఇచ్చారు. పదవీకాలం మొదలైన తేదీ కావాలంటే 19 వేయండి.

ఖాళీలు నిజమైనవే. 1556 జూలై 31న ఇగ్నేషియస్ పోయాక 4వ పౌలు పాపుగారికీ స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కూ మధ్య యుద్ధం వచ్చింది. స్పెయిన్ నుంచి ప్రతినిధులు రాలేకపోయారు. లైనెజ్ రెండేళ్ళు వికార్‌గా నడిపి, 1558 జూలై 2న జనరల్ అయ్యారు. 1942 డిసెంబర్ 13న లెదుఖోవ్‌స్కీ పోయినప్పుడూ అడ్డుపడింది యుద్ధమే. ముందు మాన్యీ, ఆయన 1944లో చనిపోయాక ద బ్వాన్ వికార్‌లుగా ఉన్నారు. 1946 సెప్టెంబర్ 15న జాన్సెన్స్‌ను ఎన్నుకున్నారు.

ఇంకో రెండుచోట్ల జాగ్రత్త. ఒలీవాను 1661లోనే వారసత్వ హక్కుతో వికార్‌గా ఎన్నుకున్నారు. జనరల్ నికెల్ 1664లో చనిపోగానే మళ్ళీ ఓటు లేకుండా ఆయన జనరల్ అయ్యారు. 1883లో ఆండర్లెడీదీ అంతే, బెక్స్ పోయాక 1887లో పదవి దానంతటదే వచ్చింది. 'ఎన్నికైన సంవత్సరం' అని ఒక్క గడే పెడితే ఇద్దరు జనరల్స్ ఒకేసారి ఉన్నట్టు కనబడుతుంది. 'ఎన్నిక', 'బాధ్యత' అని గడి రెండుగా చీల్చండి.

పాత_దస్తావేజు:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలండీ. మహాసభల (జనరల్‌ను ఎన్నుకునే సభ ప్రతినిధుల సమావేశాల) అంకె కూడా ప్రతి జనరల్ పక్కన వేయవచ్చా? ఇప్పటికి 36 జరిగాయి కదా.

పోలొట్స్క్_దారి:

వేయొచ్చు, కానీ రెండు వరుసలూ జంటగా నడవవు. 32వ మహాసభ 1974–75లో, 34వది 1995లో కూర్చున్నాయి, వాటిలో ఎన్నికే లేదు. అటుచూస్తే 10వ మహాసభ ఒక్కటే ఇద్దరిని ఎన్నుకుంది: 1652 జనవరి 21న గొత్తిఫ్రేదిని ఎన్నుకుంటే ఆయన మార్చి 12న, సభ్యులింకా రోమ్‌లో ఉండగానే, కన్నుమూశారు. 51 రోజులు! అయిదు రోజులకు, మార్చి 17న, నికెల్‌ను ఎన్నుకున్నారు. ఎక్కువకాలం ఉన్నది అక్వావీవా: 1581 ఫిబ్రవరి 19 నుంచి 1615 జనవరి 31 దాకా, 34 ఏళ్ళకు కొద్దిరోజులే తక్కువ. 37 ఏళ్ళకే జనరల్ అయ్యారు. జెస్యూట్ బడుల బోధనా క్రమం 1599లో ఖరారైంది ఆయన హయాంలోనే.

పక్క వివరణకు చోటుంటే ఎన్నిక పద్ధతి ఇవ్వండి. పోటీ ఉండదు, ప్రచారం ఉండదు. పదవి కోరుకున్నట్టు తేలితే ఆ మనిషి అనర్హుడు. నాలుగు రోజులు ప్రార్థన, ఉపవాసం, ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకోవడం. వచ్చినవాడు 'ఫలానావారికి వేయండి' అనకూడదు, ఫలానా ఫాదర్ గురించి తనకు తెలిసింది, అడిగితే చెబుతాడు. ఆరోగ్యం ఎలా ఉంది, కోపమెంత, మాట ఎలా వింటారు, ఇలాంటివే. అయిదో రోజు పవిత్రాత్మ పూజ తర్వాత రహస్య ఓటు, సగానికి మించి రావాలి. ఫలితం ముందు పాపుగారికి చెప్పి, ఆ తర్వాతే బయటపెడతారు.

పదవి జీవితకాలానికే, రాజీనామాకు మాత్రం దారి ఉంది. అప్పటి జనరల్ అరూపేకు 1981 ఆగస్టు 7న రోమ్ విమానాశ్రయంలో పక్షవాతం వచ్చింది. రెండో జాన్ పౌల్ పాపుగారు మామూలు వికార్‌ను పక్కనపెట్టి ఫాదర్ దెజ్జాను తన ప్రతినిధిగా నియమించారు. అరూపే రాజీనామాను 1983 సెప్టెంబర్ 3న 33వ మహాసభ ఆమోదించింది. అందుకే ఆయన వరుసలో ముగింపు 1983 వేయాలి, మరణించిన 1991 కాదు. కోల్వెన్‌బాఖ్ 2008లో, నికొలాస్ 2016లో దిగిపోయినప్పుడూ ఇదే సూత్రం.

కృష్ణపురం_ఉత్తరం:

తెలుగు వరుసకు ఫాదర్ కేర్దూ సరిపోతారు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్ పుదుచ్చేరి నుంచి తెలుగు ప్రాంతాల్లోకి వచ్చింది. కేర్దూ 1732లో, అంటే జనరల్ రెట్జ్ కాలంలో ఇండియాకు వచ్చి తెలుగు నేర్చారు, తెలుగు నిఘంటువు పని చేశారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న చుట్టరికాన్ని 1767లో ప్యారిస్ పండితులకు రాసి పంపారు. సభ రద్దయ్యాక కూడా ఆరేళ్ళు బతికి 1779లో పుదుచ్చేరిలో చనిపోయారు. రిచ్చి వరుస పక్కన ఈ సంగతి పెడితే, రోమ్‌లో వేసిన సంతకం ఇక్కడి ఫాదర్లకు ఏమైందో తెలుస్తుంది.

దగ్గరి కాలంలో కావాలంటే విజయవాడ ఆంధ్రా లొయోలా కళాశాల, 1953. అది జాన్సెన్స్ హయాం.

పేర్లు మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాయకండి. Ricciని 'రిక్కి' అనేస్తారు, 'రిచ్చి' అనాలి.