రెండో తరగతి: ఒత్తులు ఏ వరుసలో నేర్పాలి?

డీఎడ్ టీచింగ్ ప్రాక్టీసులో రెండో తరగతి తెలుగు చెబుతున్నాను. పిల్లలు "పలక", "గిలక" గడగడా చదివేస్తారు. ఒత్తు కనబడితే మాత్రం వదిలేస్తున్నారు: "కర్ర" అని రాస్తే "కర", "పద్యం" అని రాస్తే "పదం". చూపు తలకట్టు వెంటే పోతుంది, కిందికి దిగదు. క, గ, ప ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి, గుర్తుపడతారు. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలికే లేదు, అసలు చిక్కు అక్కడే.

ముందు నోటితో "అమ్-మ" అని రెండు చప్పట్లు కొట్టించి, తర్వాత ఒత్తును ఎర్ర సుద్దతో రాస్తున్నాను. ఎరుపు తీసేస్తే మళ్లీ మొదటికే!

అనుభవమున్న టీచర్లు చెప్పండి: పోలికున్న ఒత్తులతో మొదలుపెట్టాలా, లేక అమ్మ, అన్న లాంటి తెలిసిన మాటలతోనా? వారానికి ఎన్ని ఒత్తులు? ద్విత్వాలు పూర్తిగా వచ్చాకే "చక్రం" లాంటి సంయుక్తాలకు వెళ్లాలా?