మా అత్తగారి ఫోన్‌లో యూట్యూబ్‌కి మాత్రమే తాళం వేయడం ఎలా?

మా బాబుకి తొమ్మిదేళ్లు. వాడికిచ్చిన పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్ వాడకానికి పెద్దలు హద్దులు పెట్టే గూగుల్ యాప్) పెట్టాను. రోజుకి గంట, రాత్రి ఎనిమిదిన్నరకి లాక్. అక్కడ ఏ గొడవా లేదు. అసలు తంటా అత్తయ్య ఫోన్‌తో.

మేమిద్దరం ఆఫీసుల నుంచి వచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. హోంవర్క్ వచ్చేది వాట్సాప్‌లో, ఆ గ్రూపులో ఉన్నది అత్తయ్య నంబరు. కాబట్టి ఫోన్ వాడి చేతికి వెళ్లక తప్పదు. రెండు నిమిషాలు హోంవర్క్, ఆ తర్వాత అంతా షార్ట్సే. అది ఆవిడ అకౌంట్ కాబట్టి వాడికి పెట్టిన పరిమితులు అక్కడ పనిచేయవు. యూట్యూబ్‌కి టైమర్ పెడితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాడే తీసేస్తున్నాడు (ఈ తెలివి ఎక్కాల్లో చూపిస్తే బాగుండు!). వాట్సాప్‌ని స్క్రీన్‌కి పిన్ చేసి (అంటే వేరే యాప్‌లోకి వెళ్లకుండా కట్టేసి) ఇవ్వమంటే అత్తయ్యకి అదొక తలనొప్పి. యూట్యూబే తీసేద్దామంటే ఆవిడ ప్రవచనాలు వినేది అందులోనే.

యాప్ లాక్ పెట్టి, ఆవిడ వేలిముద్రతోనే యూట్యూబ్ తెరుచుకునేలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అప్పుడు పిల్లలు క్రోమ్‌లో చూడకుండా ఎలా ఆపారు? ఆవిడ వాట్సాప్‌నే లింక్డ్ డివైజ్‌గా (అదే అకౌంట్ రెండో ఫోన్‌లో కూడా తెరుచుకునేలా) బాబు ఫోన్‌లో పెట్టొచ్చు గానీ, ఆవిడ మెసేజ్‌లన్నీ వాడి కంట పడతాయి. ఒక్క గ్రూపే కనిపించే దారి ఉంటే చెప్పండి.

రెండు తగిలించండి అనే సలహా మాత్రం వద్దండీ, అది మా మామగారు రోజూ ఇస్తున్నారు.