నదిలో తిలాపియా వదిలే అనుమతికి ఏ షరతు పెట్టించాలి?

మా పక్క నదిలో ఏటా నైలు తిలాపియా చేపపిల్లల్ని వదులుతున్నారు. అన్నీ మగవే కాబట్టి సంతానం పెరగదని అనుమతి పత్రంలో ఉంది. కానీ వదిలిన కొన్ని నెలలకే, నీళ్లు 27 డిగ్రీలున్నప్పుడు, ఒడ్డున గోరంత తిలాపియా పిల్లలు గుంపులుగా కనిపిస్తున్నాయి. పరకలు (ఇక్కడి చిన్న చేపలు) గుడ్లు పెట్టే లోతు తక్కువ చోట్లే అవి ఎక్కువ. పరకలు కళ్ల ముందే తగ్గిపోతుంటే చాలా బాధగా ఉంది.

హార్మోన్ మేతతో మగవిగా మార్చినా నూటికి నూరు మగవి కావడం అరుదు. పైగా ఆడచేప గుడ్లను, పిల్లల్ని నోట్లోనే కాపాడుతుంది, అందుకే కొన్ని ఆడవి చాలు.

వలలు వేసి తీశాం, మళ్లీ పెరిగాయి. చెరువు తూముకు జాలీ కట్టించాం, వరదకు నీళ్లు దాని మీదుగానే పొర్లాయి. అధికారులకు రాస్తే, అన్నీ మగవేనని హేచరీ (చేపపిల్లల్ని ఉత్పత్తి చేసే కేంద్రం) ఇచ్చిన కాగితం చూపించారు. ఆ కాగితాన్ని స్వతంత్రంగా ఎవరూ పరీక్షించరు, నా దృష్టిలో అసలు లోపం అదే.

ఇప్పుడు కొత్త నిబంధనల ముసాయిదాపై అభిప్రాయాలు అడుగుతున్నారు. వదిలే ముందు ప్రతి బ్యాచ్‌లో ఎన్ని పిల్లల్ని కోసి, మైక్రోస్కోప్ కింద లింగ పరీక్ష చేయాలని షరతు రాయమంటారు?