ఆడే పిల్లలకు మోకాలి కార్టిలేజ్ ఆపరేషన్: బెంగళూరులో ఎవరైనా చేయించారా?

మారతహళ్ళి_నాన్న: అమ్మాయికి 16, బ్యాడ్మింటన్ ఆడుతుంది. ఆడి వచ్చిన సాయంత్రం కుడి మోకాలు వాస్తోంది. తొడ ఎముక చివర గుజ్జు ఊడిందని ఎమ్మారైలో వచ్చింది. ఒక డాక్టరు మైక్రోఫ్రాక్చర్ అంటున్నారు, ఇంకొకరు కణాలు పెంచి వేద్దామంటున్నారు. చేయించుకున్నవాళ్ళు చెప్పండి.

కేఆర్‌పురం_రైడర్: నాది మైక్రోఫ్రాక్చరేనన్నా. ఎముకకు సన్న చిల్లులు పొడుస్తారు, మజ్జ నుంచి రక్తం ఊరి గడ్డకట్టి, మెల్లగా పొర కడుతుంది. ఆ పొర ఫైబ్రోకార్టిలేజ్, అసలుదానంత గట్టిది కాదు. మొదట్లో కబడ్డీ బాగానే ఆడాను, తర్వాత గిర్రున తిరిగితే చాలు మళ్ళీ నొప్పి.

ఫిజియో_హెచ్‌ఎస్‌ఆర్: సార్, ముందు దెబ్బ సైజు అడగండి. 2 చదరపు సెంటీమీటర్లలోపైతే మైక్రోఫ్రాక్చర్, లేదా ఆట్స్. ఆట్స్ అంటే అదే మోకాల్లో బరువు పెద్దగా పడనిచోట ఎముకతోసహా ముక్క తీసి దెబ్బతిన్నచోట నాటడం. ఆటకు త్వరగా తిరిగొచ్చేది ఎక్కువగా ఈ ఆట్స్ వాళ్ళే. ఇంకా పెద్దదైతే ఏసీఐ, అంటే మీ రెండో డాక్టరు చెప్పిన కణాలు పెంచి వేసే పద్ధతి. స్వీడన్ డాక్టర్లు దీని ఫలితాలు 1994లో ప్రచురించారు. పాప కణాలే ల్యాబులో వారాలపాటు పెంచుతారు కాబట్టి మామూలుగా రెండు ఆపరేషన్లు, కోర్టుకు దాదాపు ఏడాది దూరం. ఎమ్మారై చాలాసార్లు సైజు తక్కువ చూపిస్తుంది, అసలు సంగతి చిన్న చిల్లులోంచి మోకాల్లోకి పంపే కీహోల్ కెమెరాకే తెలుస్తుంది. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) తెగినా, కాలు వంకరున్నా దాన్ని వదిలేసి గుజ్జు ఒక్కటే బాగుచేస్తే నిలవదు. ఈ ముక్క ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి.

అనంతపురం_అమ్మ: మావాడికి 12. ఓసీడీ అన్నారు, గుజ్జు కింద ఎముక ముక్క వదులవడం. గ్రోత్ ప్లేట్లు (ఎముక పొడవు పెరిగే చోట్లు) మూసుకోలేదు, ముక్కా కదల్లేదు, అందుకని కోత లేకుండా ఆట మాన్పించారు. అతుక్కుంటోందట. వాణ్ణి కుదురుగా కూర్చోబెట్టడం ఆపరేషన్ కన్నా కష్టం తల్లీ!

మారతహళ్ళి_నాన్న: మా పాపకు గ్రోత్ ప్లేట్లు మూసుకున్నాయట. రిపోర్టులో దెబ్బ సైజు 1.5 చదరపు సెంటీమీటర్లు అని ఉంది. మాది లిఫ్టు లేని మూడో అంతస్తు.

కేఆర్‌పురం_రైడర్: అయితే మెట్ల సంగతి ముందు చూడన్నా. తొడ ఎముక చివర మైక్రోఫ్రాక్చరైతే సుమారు 6 వారాలు కాలు మీద బరువు మోపనివ్వరు. తెలిసినవాళ్ళ కింది పోర్షన్ దొరుకుతుందేమో అడుగు.

ఫిజియో_హెచ్‌ఎస్‌ఆర్: రెండో ఒపీనియన్‌కు రిపోర్టు కాగితం చాలదు సార్, ఎమ్మారై సీడీ పట్టుకెళ్ళండి. కాలు వంకర తెలియడానికి నిలబడి తీసిన పూర్తి కాళ్ళ ఎక్స్‌రే కూడా.