బర్హీ ఖర్జూరంలో ఒకే తొడిమకు మూడు బుడ్డ కాయలు: ఏ ఎరువు తక్కువైంది?

పరకాల చల్క:
నమస్కారం. పొద్దున ఆరింటి నుంచి తోటలోనే ఉండి, ఒక్కొక్క గెలనూ వంచి చూసి, ఇక ఏమీ తోచక ఇక్కడ రాస్తున్నాను. నాలుగేళ్ల క్రితం ఎకరం చల్కలో టిష్యూకల్చర్ బర్హీ మొక్కలు పెట్టాను. డ్రిప్పు ఉంది, పాదుపాదుకూ పశువుల ఎరువు వేశాను, పొటాష్ కూడా ఇచ్చాను. ఈ ఏడాది మొదటిసారి చెట్టుకు నాలుగైదు గెలలు వచ్చాయి. దూరం నుంచి చూస్తే విరగకాసినట్టే ఉంది. దగ్గరికి పోతే ఒకే తొడిమ మీద మూడేసి కాయలు, మిరియపు గింజ కన్నా కొంచెం పెద్దవి. కత్తితో ముప్పై కాయలు కోశాను, ఒక్కదానిలోనూ గింజ లేదు. ఎరువుల దుకాణంలో బోరాన్ లోపమన్నారు. రెండుసార్లు కొట్టినా మార్పు లేదు. ఏది వేస్తే కాయ ఊరుతుందో దయచేసి చెప్పండి.

నర్సంపేట మామిడి:
ఖర్జూరంలో ఆడ, మగ చెట్లు వేరు కదా, మగ పూత ఎక్కడిది? పూతను కప్పి ఉండే డొప్ప పగిలిన ఎన్నో రోజున పుప్పొడి పట్టించారు? అది రాయకుండా ఎరువు అడిగితే ఎవరూ చెప్పలేరు.

వానల లెక్క:
అన్నా, ఎరువు సంగతి అటుంచండి. మన వరంగల్ వైపు ఖర్జూరానికి అసలు శత్రువు వాన. జూన్‌లో తొలకరి పడే వేళకే కాయ పసుపు తిరుగుతుంది. అరబ్బు దేశాల్లో కాయ చెట్టు మీదే మెత్తబడి, ఎండి, నిల్వకు పనికొచ్చే దాకా ఉంచుతారు. మనం అలా ఉంచితే పగిలి, పులిసి, ఈగలు ముసురుతాయి. బర్హీని ఇక్కడ పెట్టమనడానికి కారణమే, అది గట్టిగా పసుపుపచ్చగా ఉన్నప్పుడే వగరు లేకుండా తియ్యగా ఉండటం. మెడ్జూల్ రకానికి ఆ వెసులుబాటు లేదు. గుజరాత్‌లోని కచ్ రైతులు కూడా జూన్, జూలై నెలల్లో దోరగానే కోసి అమ్ముకుంటారు. గెలలకు తొడుగు సంచులు తెచ్చుకున్నారా?

నర్సంపేట మామిడి:
కాయే నిలవలేదని ఆయన అంటుంటే సంచులు దేనికి?

పరకాల చల్క:
పుప్పొడి పట్టించాను. అందరూ చేసే పనే కదా అని రాయలేదు. తోటలో మగ చెట్టు లేదు. నిరుడు ఒక మిత్రుడు ఇచ్చిన పుప్పొడిని పాలిథిన్ కవరులో కట్టి ఫ్రిజ్ తలుపులో పెట్టాము. కూలీలు దొరికిన ఆదివారం నాడు అన్ని గెలలకూ ఒకేసారి దూదితో అద్దాము.

ఈత వనం:
తమ్మీ, మగ చెట్టు అనకుండా పోతు అంటే బాగుంటుంది. తాళ్లలో పోతుతాడు ఉన్నట్టే ఈతలోనూ పోతు ఉంటుంది. ఖర్జూరమూ ఈతా అన్నదమ్ముల బిడ్డలే కనుక పోతు ఈత పుప్పొడి ఖర్జూరానికి పడుతుంది. మా చెరువు కట్ట మీద పూసిన పోతులు ఇప్పటికీ ఉన్నాయి.

వానల లెక్క:
అలా చేస్తే సంకరమై బర్హీ జాతే చెడిపోతుంది.

ఉద్యాన విద్యార్థి:
సంకరం అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. సంకరమయ్యేది లోపలి గింజ మాత్రమే. చెట్టూ దాని పిలకలూ బర్హీగానే ఉంటాయి. అయితే కండ తల్లిదే అయినా, కాయ పరిమాణం మీదా పండే కాలం మీదా తండ్రి పుప్పొడి ప్రభావం పడుతుంది. దీనికి 1928లో వాల్టర్ స్వింగిల్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త మెటాజీనియా అని పేరు పెట్టాడు. ఈత పుప్పొడితో కాయ కొంత చిన్నదవుతుంది కాబట్టి, మంచి ఖర్జూరపు పుప్పొడి దొరకనప్పుడే అది వాడాలి.

ఈత వనం:
చిన్న కాయైనా, అసలు కాయే లేకపోవడం కన్నా నయం కదా.

నర్సంపేట మామిడి:
పరకాల అన్నా, ఆ ఆదివారానికి డొప్పలు పగిలి ఎన్ని రోజులైంది? పొడి ఎలా ఉంది?

పరకాల చల్క:
కొన్నిటికి మూడు రోజులు, కొన్నిటికి పది రోజులు అయి ఉంటుంది. పొడి ఉండలు కట్టి, కొంచెం బూజు వాసన వచ్చింది. ఉండలు చిదిపి వాడాము.

నర్సంపేట మామిడి:
అదే జబ్బు. బోరాన్ డబ్బులు దండగ.

ఉద్యాన విద్యార్థి:
ఆడపువ్వులో మూడు అండాశయాలు ఉంటాయి. పుప్పొడి పడితే వాటిలో ఒకటి కాయై, మిగతా రెండూ రాలిపోతాయి. పడకపోతే మూడూ గింజ లేకుండా బుడ్డగా ఉండిపోతాయి. మీరు కత్తితో కోసి చూసింది దీన్నే. డొప్ప పగిలిన రెండు మూడు రోజుల లోపల పట్టిస్తేనే పూత బాగా నిలుస్తుంది కాబట్టి, పూత కాలమంతా రోజు విడిచి రోజు తోట తిరగాలి తప్ప, ఒక్క ఆదివారంతో తేలే పని కాదు. పుప్పొడి నిల్వ చేయాలంటే నీడలో కాగితం మీద బాగా ఆరబెట్టి, జల్లించి, తేమ పీల్చే పొడితో పాటు బిగుతు మూత సీసాలో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. తేమ తగిలితే చచ్చిపోతుంది. ఒక్క అనుమానం మాత్రం మిగులుతుంది: కొన్ని టిష్యూకల్చర్ బర్హీ మొక్కలకు పుట్టుకతోనే ఈ లోపం ఉంటుంది. తాజా పుప్పొడి పట్టించినా అవే చెట్లు మళ్లీ ఇలాగే కాస్తే, అది మొక్క తప్పే.

పరకాల చల్క:
ఈ గెలలను ఏం చేయాలి?

నర్సంపేట మామిడి:
కోసేయండి. గింజ లేని కాయకు నీళ్లెందుకు? వచ్చే ఏడాది కూడా ఆశపడి అన్నీ ఉంచకండి. గెలకు ఎనిమిది పది మట్టలు ఉండేలా లెక్క చూసుకుని, మిగతా గెలలు తీసేయాలి, ఉంచిన గెలలోనూ నడిమి పూరెమ్మలు కొన్ని కత్తిరించాలి. లేకుంటే ఒక ఏడు చిన్న కాయలు, మరుసటి ఏడు ఖాళీ.

పరకాల చల్క:
బోరు పక్క చెట్టుకు ఇంకా పగలని డొప్ప ఒకటి ఉంది, ఇప్పుడే చూశాను.

ఈత వనం:
పగిలిన రోజు కబురు పెట్టు, తాజా పోతు పూత కోసిస్తాను. రెండు మూడు పూరెమ్మలు తలకిందులుగా గెల నడుమ దోపి, వదులుగా కట్టు. ముడి బిగిస్తే గెల విచ్చుకోదు.

వానల లెక్క:
ఆ ఒక్క గెలకైనా సంచి కట్టండి.

పరకాల చల్క:
సరే అన్నా, రేపు పొద్దున వస్తాను. అందరికీ ధన్యవాదాలు.