25 ఎంఎం పైపులో ఎన్ని వైర్లు లాగొచ్చు?

ప్రశ్న: 25 ఎంఎం పీవీసీ పైపులో 4 స్క్వేర్ వైర్లు ఐదు (ఒకటి ఎర్త్), 2.5 స్క్వేర్ నాలుగు, 1.5 స్క్వేర్ నాలుగు లాగాలి. దారిలో మూడు బెండ్లున్నాయి. పడతాయా?

జవాబు 1: పట్టవండి. 2.5 స్క్వేర్ అంటే లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం 2.5 చదరపు ఎంఎం అని మాత్రమే, లెక్కకు కావలసింది ఇన్సులేషన్‌తో కలిపిన మందం. కాలిపర్ పెట్టి కొలవండి. సుమారుగా 4 స్క్వేర్ వైరు 4.5 ఎంఎం, 2.5ది 3.8, 1.5ది 3.1 వస్తాయి. కొలతను దానితోనే గుణించి 0.785తో మళ్లీ గుణిస్తే వైశాల్యం: వరసగా 15.9, 11.3, 7.5. మీ పదమూడు వైర్లకు 79.5 + 45.2 + 30 = 154.7 చదరపు ఎంఎం.

పైపు 25 అన్నది బయటి కొలత. లోపల 21 ఉంటే వైశాల్యం 346, అందులో 40 శాతం 138; మీ వైర్లు 154.7, అందుకే పట్టవు. మూడు, అంతకు మించిన వైర్లకు అమెరికా విద్యుత్ నిబంధనావళి ఎన్ఈసీ పెట్టిన హద్దు ఈ 40 శాతమే. ఒక్క వైరైతే 53 శాతం, రెండైతే 31 శాతం. మీ ప్రాంతం నిబంధన వేరైతే అదే పాటించాలి.

జవాబు 2: పైన చెప్పిన లెక్క సరైనదే, కానీ అది వైరు లాగడానికి సంబంధించింది. వేడి లెక్క వేరు. మీ పైపులో కరెంటు మోసేవి పన్నెండు, ఎర్త్ లెక్కలోకి రాదు. ఎన్ఈసీ ప్రకారం 10 నుంచి 20 వైర్లుంటే సామర్థ్యం సగానికి తగ్గించాలి. ఒంటరిగా 28 ఆంప్స్ మోసే వైరు 14కే ఆగాలి. దానికి 20 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే ఆపేసే స్విచ్) పెడితే వైరు మాడుతున్నా అది ట్రిప్ కాదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ప్రశ్న అడిగినవారు: 4 స్క్వేర్ వైర్లను విడి పైపులోకి తీస్తే?

జవాబు 2: అదే మంచి మార్గం. లోపల 17 ఎంఎం ఉన్న 20 పైపు చాలు: హద్దు 90, మీ ఐదు వైర్లు 79.5. కరెంటు మోసేవి నాలుగే కాబట్టి సామర్థ్యంలో 80 శాతం, అంటే 22.4 ఆంప్స్. 20 ఎంసీబీ సరిపోతుంది. మిగతా ఎనిమిదీ 25లో వేయండి, వాటికి 70 శాతం లెక్క. ఆ పైపులో ఎర్త్ విడిగా లాగడం మరచిపోకండి.

జవాబు 1: ఎల్బోలు (ఒక్కసారిగా మలిగే మూల ముక్కలు) వద్దు, పొడవాటి బెండ్లు వాడండి. ఎల్బో మూల దగ్గర ఇన్సులేషన్ గీరుకుపోతుంది, అది బయటికి కనబడదు. రెండు బాక్సుల మధ్య మలుపులన్నీ కలిపి 360 డిగ్రీలు దాటకూడదు. వైర్లన్నీ ఒకేసారి, మెలి పడకుండా, లూబ్రికెంట్ రాసి లాగండి. ఒక్కొక్కటిగా లాగితే వెనక వచ్చేది ముందున్నదాన్ని కోసేస్తుంది.